చిన్న కంట్రోల్ లైన్ విమానాలకు తీగల ఎంపిక

కంట్రోల్ లైన్ విమానం అంటే, నేల మీద నిలబడిన పైలట్ చుట్టూ తీగల చివర వృత్తంగా తిరిగే నమూనా విమానం. అది ఎగురుతున్నంతసేపూ పైలట్ చేతికీ, విమానాన్ని పైకీ కిందికీ తిప్పే తోక పలక అయిన ఎలివేటరుకూ మధ్య ఉండేవి రెండు సన్నని తీగలే. హ్యాండిల్ పై అంచును వెనక్కి వంచితే పై తీగ దగ్గరికి వస్తుంది, కింది తీగ అంతే దూరం ముందుకు పోతుంది, రెక్కలో ఇరుసు మీద తిరిగేలా అమర్చిన బెల్‌క్రాంక్ అనే మీట కొద్దిగా తిరిగి, ఎలివేటరుకు కలిపిన పుష్‌రాడ్ అనే కడ్డీని కదుపుతుంది, దానితో ఎలివేటర్ లేచి విమానం పైకి ఎక్కుతుంది. 1940లలో అమెరికాలో జిమ్ వాకర్ ఈ పద్ధతిని యూ-కంట్రోల్ అనే పేరుతో ప్రచారంలోకి తెచ్చిన నాటి నుంచి ఇంజిన్లు మారాయి, బ్యాటరీ మోటార్లు వచ్చాయి, కానీ ఈ అమరిక మాత్రం మూలంలో అలాగే ఉంది. అందువల్ల తీగలు సరిగా లేనప్పుడు విమానాన్ని ఎంత శ్రద్ధగా నిర్మించినా ఆ శ్రమ ఫలితం గాలిలో కనిపించదు.

0.16 సీసీ నుంచి 2.5 సీసీ వరకు ఉండే ఇంజిన్లతోనో, అంతే శక్తిగల విద్యుత్ మోటార్లతోనో ఎగిరే చిన్న విమానాలకు తీగలను ఎలా ఎంచుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను. కొత్తగా ఈ అభిరుచిలోకి వచ్చినవారు సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న, ఈ తీగ ఎంత బరువుకు తెగుతుంది అన్నది. అది అవసరమైన ప్రశ్నే, అయితే రెండవది. ఈ పరిమాణంలోని విమానాలు తీగ తెగి పోవడం కన్నా, తీగ సడలి అదుపు తప్పి నేలకు కొట్టుకోవడమే చాలా ఎక్కువ. కాబట్టి ఈ విమానం ఈ తీగను అన్ని స్థితులలోనూ బిగువుగా ఉంచగలదా అని ముందుగా తేల్చుకోవాలి. పొడవు, మందం, పదార్థం అనే మూడు నిర్ణయాలూ ఆ జవాబు నుంచే వస్తాయి.

బిగువును లెక్కించడం

వృత్తాకారంలో తిరిగే విమానం బయటికి లాగే బలం దాని బరువు మీద, వేగం మీద, వృత్తపు వ్యాసార్థం మీద ఆధారపడుతుంది. దీన్ని మైదానంలో నోటిలెక్కగా కట్టుకోవడానికి ఒక సులువైన సూత్రం ఉంది. వ్యాసార్థాన్ని మీటర్లలో తీసుకుని నాలుగుతో హెచ్చవేసి, ఒక చుట్టుకు పట్టే సెకన్ల వర్గంతో భాగిస్తే, విమానం తన బరువుకు ఎన్ని రెట్లు లాగుతోందో వస్తుంది. చుట్టు సమయాన్ని స్టాప్‌వాచ్‌తో ఒక్క చుట్టుకు కాక పది చుట్లకు చూసి పదితో భాగిస్తే పొరపాటు తగ్గుతుంది.

ఉదాహరణకు 0.8 సీసీ ఇంజిన్, అంటే 0.049 ఘనపు అంగుళాల కొలతను బట్టి అందరూ పాయింట్ 049 అని పిలిచే ఇంజిన్ బిగించిన 170 గ్రాముల శిక్షణ విమానం 10.7 మీటర్ల వ్యాసార్థంలో 5 సెకన్లకు ఒక చుట్టు తిరుగుతోందనుకుందాం. సూత్రం ప్రకారం అది తన బరువుకు దాదాపు 1.7 రెట్లు, అంటే సుమారు 290 గ్రాముల బలంతో లాగుతుంది. రెండు తీగలూ పంచుకుంటే ఒక్కొక్క దాని వాటా 145 గ్రాములే. నేలకు సమాంతరంగా తిరిగేటప్పుడు ఈ బిగువు చక్కగా సరిపోతుంది.

అదే విమానం పైలట్ నెత్తి మీదికి వచ్చినప్పుడు పరిస్థితి పూర్తిగా మారుతుంది. అక్కడ విమానం బరువు మొత్తం తీగల వెంబడి కిందికి, అంటే పైలట్ వైపుకే పనిచేస్తుంది కాబట్టి, 290 గ్రాముల నుంచి 170 తీసివేయగా 120 గ్రాములే మిగులుతాయి. పైకి ఎక్కడంలో వేగం కూడా తగ్గుతుంది. వేగం ఐదో వంతు తగ్గిందంటే బయటికి లాగే బలం వేగపు వర్గం చొప్పున పడిపోయి సుమారు 187 గ్రాములకు దిగుతుంది; అందులో నుంచి బరువు తీసివేస్తే మిగిలేది 17 గ్రాములు. అంత స్వల్పమైన బిగువుతో రెండు తీగలూ వాలిపోయి ఉంటాయి, హ్యాండిల్ కదలిక బెల్‌క్రాంకును చేరేలోపే తీగల వంపులో ఇంకిపోతుంది. ఆ క్షణంలో చిన్న గాలి తెర పక్క నుంచి వచ్చినా విమానం వృత్తం లోపలికి జారిపోతుంది. దాన్ని తిరిగి పట్టుకోవాలంటే పైలట్ వెనక్కి పరుగెత్తడం తప్ప మార్గం ఉండదు.

నా అంచనాలో, సమాంతరంగా ఎగురుతూ కొద్దిగా ఎక్కుతూ దిగుతూ ఉండే శిక్షణ విమానానికి తన బరువుకు 1.7 నుంచి 2 రెట్ల బిగువు ఉంటే చాలు. లూపులు కొట్టే విమానానికి కనీసం 2.5 రెట్లు ఉండాలి, 3 రెట్లుంటే నిశ్చింత. ఈ అంకెలు మీ విమానానికి రావడం లేదంటే తీగ పొడవు తగ్గించాలి, లేదా తీగ మందం తగ్గించి వేగం పెంచుకోవాలి.

పొడవు

పై సూత్రాన్ని పైపైన చూస్తే వ్యాసార్థం పెరిగితే బిగువు పెరుగుతుందన్న భ్రమ కలుగుతుంది. చుట్టు సమయం మారకపోతేనే అది నిజం. విమానం వేగం మాత్రం ఇంజిన్ నిర్ణయిస్తుంది. తీగ పొడవు పెంచితే ఒక చుట్టుకు పట్టే సమయం కూడా పెరుగుతుంది, కాబట్టి ఒకే వేగం దగ్గర పొడవైన తీగ ఎప్పుడూ తక్కువ బిగువునే ఇస్తుంది. పైన చెప్పిన 170 గ్రాముల విమానాన్నే అదే వేగంతో 7.6 మీటర్ల తీగలపై ఎగరేస్తే బిగువు 2.4 రెట్లకు పెరుగుతుంది, 13 మీటర్ల తీగలపై 1.4 రెట్లకు పడిపోతుంది. వాస్తవంలో 13 మీటర్ల దగ్గర పరిస్థితి ఇంకా దిగజారుతుంది, ఎందుకంటే పెరిగిన తీగ గాలికి అడ్డుపడి వేగాన్నే తగ్గిస్తుంది.

అలాగని తీగలను మరీ కురచ చేయడానికీ వీల్లేదు. 7.6 మీటర్ల దగ్గర ఆ విమానం మూడున్నర సెకన్లకు ఒక చుట్టు తిరుగుతుంది. నేర్చుకునేవారికి ఆ వేగంలో తల తిరుగుతుంది, చూపు విమానం మీద నిలవదు, పొరపాటును గుర్తించి దిద్దుకునేంత వ్యవధి చిక్కదు. నాలుగున్నర నుంచి ఐదు సెకన్ల చుట్టు నేర్చుకునేవారికి అనువైనది. చేయి తిరిగిన తరువాత నాలుగు సెకన్లు కూడా సౌకర్యంగానే ఉంటుంది. అనుకూలమైన పొడవు అంటే, తల తిరగనంత నిదానమూ తీగ సడలనంత బిగువూ రెండూ ఏకకాలంలో దొరికే ఇరుకైన పరిధి. చిన్న విమానాలలో ఆ పరిధి చాలా ఇరుకు, ఒక మీటరు అటూ ఇటూ అయినా తేడా చేతికి తెలుస్తుంది.

పొడవు అన్నప్పుడు ఎక్కడి నుంచి ఎక్కడికి కొలవాలన్నది కూడా స్పష్టంగా ఉండాలి. హ్యాండిల్‌లో పిడికిలి పట్టే చోటు నుంచి విమానం మధ్యరేఖ వరకు ఉన్న దూరమే వ్యాసార్థం. ఇందులో హ్యాండిల్ ముందున్న కేబుల్, కొక్కేలు, బెల్‌క్రాంక్ నుంచి రెక్క చివర గుండా బయటికి వచ్చే లీడ్‌అవుట్లు అనే పొట్టి తీగలు, రెక్కలో సగం అన్నీ కలిసి ఉంటాయి కాబట్టి అసలు తీగలు వ్యాసార్థం కన్నా అర మీటరు పైగా తక్కువ ఉండవచ్చు. పోటీలలో ఈ కొలత ఎంత నిక్కచ్చిగా ఉంటుందో అంతర్జాతీయ నియమాలను చూస్తే తెలుస్తుంది. టీమ్ రేస్ విభాగంలో వ్యాసార్థం 15.92 మీటర్లు, ఎందుకంటే ఆ వృత్తం మీద పది చుట్లు తిరిగితే సరిగ్గా ఒక కిలోమీటరు అవుతుంది. స్పీడ్ విభాగంలో 17.69 మీటర్ల వృత్తం మీద తొమ్మిది చుట్లకు అదే కిలోమీటరు వస్తుంది. విన్యాసాల విభాగమైన ఎఫ్2బిలో 15 నుంచి 21.5 మీటర్ల మధ్య ఎంతైనా పెట్టుకోవచ్చు. ఇవన్నీ 0.8 సీసీ కన్నా ఎంతో శక్తిగల విమానాల కొలతలు, 0.8 సీసీ విమానానికి ఆ పొడవులు పెట్టాలని ప్రయత్నించకూడదు.

మందం, గాలి నిరోధం

తీగ సన్నగా ఉంది కదా, గాలికి అది ఏపాటి అడ్డు అనిపిస్తుంది. లెక్క వేసి చూస్తే ఆ అభిప్రాయం నిలవదు. తీగలో పైలట్ వైపు భాగం దాదాపు కదలదు, విమానం వైపు భాగం విమానమంత వేగంతో గాలిని కోస్తుంది. ఈ తేడాలన్నీ కలిపి చూసినప్పుడు, తీగ మొత్తం విమానం వేగంతో కదిలితే ఎంత నిరోధం వచ్చేదో అందులో నాలుగో వంతు విమానం మీద పడుతుంది. మన ఉదాహరణలోని విమానానికి 0.20 మిల్లీమీటర్ల ఉక్కు తీగల జత కట్టినప్పుడు ఆ భారం సుమారు 13 గ్రాములు. అర మిల్లీమీటరు మందమున్న దారాలు కడితే అది 33 గ్రాములకు చేరుతుంది. 170 గ్రాముల అటువంటి విమానం సొంత నిరోధమే దాదాపు 35 గ్రాములు ఉంటుందనుకుంటే, మందపు దారాలు కట్టడమంటే ఆ ఇంజిన్ చేత రెండో విమానాన్ని కూడా లాగించడమే. కిట్టుతో పాటు వచ్చిన దారాలతో బరువుగా, నిదానంగా తిరిగిన విమానం సన్నని తీగలు మార్చగానే చురుకైపోవడానికి కారణం ఇదే.

ఇదే లెక్కలో దాగి ఉన్న మరొక విషయం నాకు అన్నిటికన్నా ఉపయోగకరంగా తోస్తుంది. తీగ నిరోధం వల్ల కలిగే ప్రభావంలో పదహారింట పదిహేను వంతులు బయటి సగం నుంచే వస్తాయి. పైలట్ వైపు సగం వాటా పదహారో వంతు మాత్రమే. అంటే హ్యాండిల్ దగ్గర కొంచెం పెద్ద కొక్కెం, మందపు కేబుల్ ఉన్నా నష్టం లేదు. విమానం దగ్గర మాత్రం కొక్కెం వీలైనంత చిన్నదిగా, ముడి వీలైనంత పొందికగా, వదులుగా వేలాడే కొసలు లేకుండా ఉండాలి. తేడా తెలుసుకోకుండా రెండు చివర్లకూ ఒకే రకం పెద్ద కొక్కేలు తగిలించడం చాలా చోట్ల కనిపిస్తుంది.

గాలి ఒత్తిడికి తీగలు తిన్నగా ఉండవు, విమానం వెళ్లే దిశకు వెనుకవైపుగా వంపు తిరుగుతాయి. అందుకే లీడ్‌అవుట్లు రెక్క చివర గరిమనాభి కన్నా కొంచెం వెనుక నుంచి బయటికి రావాలి. తీగ పొడవుగానో మందంగానో మారిన కొద్దీ ఆ వంపు పెరుగుతుంది కాబట్టి, లీడ్‌అవుట్ స్థానాన్ని ముందుకూ వెనక్కూ జరుపుకునే వీలు ఉన్న విమానంలో తీగలు మార్చిన ప్రతిసారీ దాన్ని కూడా సరిచూసుకోవాలి. అవి అవసరానికి మించి వెనక్కి పోతే విమానం ముక్కును బయటికి తిప్పుకుని పక్కవాటుగా నడుస్తూ వేగం పోగొట్టుకుంటుంది. ముందుకు పోతే ముక్కు లోపలికి తిరిగి బిగువు తగ్గుతుంది.

మందంతో పాటు బరువు కూడా పెరుగుతుంది. 10.7 మీటర్ల ఉక్కు తీగల జత 0.20 మిల్లీమీటర్లదైతే 5 గ్రాములు, 0.30 మిల్లీమీటర్లదైతే 12 గ్రాములు తూగుతుంది. 60 గ్రాముల బుల్లి విమానానికి ఆ 12 గ్రాములు తన బరువులో ఐదో వంతు.

పదార్థం

చిన్న విమానాలకు అందుబాటులో ఉన్నవి ఉక్కు తీగలు, అల్లిన దారాలు. ఉక్కులో మళ్లీ ఒంటిపేట తీగ, పలుపేటలు పేనిన తీగ అని రెండు రకాలు. ఒంటిపేట తీగ ఉపరితలం నున్నగా ఉంటుంది, అదే మందానికి ఎక్కువ బలం ఇస్తుంది, అతి తక్కువగా సాగుతుంది. ఏడు పేటల తీగలో ఖాళీలు పోగా లోహం అదే మందపు ఒంటిపేట తీగలో ఉన్నదానిలో 78 శాతమే ఉంటుంది, అందుకే దాని బలం కొంత తక్కువ. అయినా నేర్చుకునేవారికి నేను పలుపేటల తీగనే సూచిస్తాను. ఒంటిపేట తీగ గడ్డిలో ఒక్కసారి మెలిక పడిందంటే ఇక పనికిరాదు, దాన్ని చుట్టే రీలు పెద్దదిగా ఉండాలి, విప్పేటప్పుడు స్ప్రింగులా ఎగసి చేతికి చిక్కులు పెడుతుంది. పేనిన తీగ ఈ మొరటుతనాన్ని చాలావరకు ఓర్చుకుంటుంది. తుప్పు పట్టని ఉక్కుతో చేసినదైతే ఇంకా మేలు, మామూలు స్ప్రింగు ఉక్కు తీగను ప్రతిసారీ నూనె గుడ్డతో తుడవకపోతే తేమకు చుక్కలు చుక్కలుగా తుప్పెక్కుతుంది.

దారాలలో డాక్రాన్ అనే పాలిస్టర్ దారం పాతకాలం నుంచి బొమ్మ విమానాలతో పాటు వస్తున్నది. అది మెత్తగా ఉంటుంది, పిల్లల చేతికి కోసుకోదు, సులువుగా ముడిపడుతుంది. కానీ మందం ఎక్కువ, సాగుడూ ఎక్కువ. స్పెక్ట్రా, డైనీమా అనే పేర్లతో దొరికే పాలీఎథిలీన్ పోగుల అల్లిక దారం దీనికన్నా ఎంతో మెరుగు. చేపల వేటకు వాడే అల్లిక దారంగా అది సులభంగా దొరుకుతుంది. సన్నగా, తేలికగా, చాలా తక్కువ సాగుడుతో ఉండి, 100 గ్రాముల లోపు విమానాలకు ఉక్కు కన్నా ఇదే నయమనిపిస్తుంది. దీనికి రెండు బలహీనతలున్నాయి. మొదటిది, నున్నగా ఉండడం వల్ల మామూలు ముడి జారిపోతుంది. రెండవది, సుమారు 145 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరిగిపోతుంది, కాబట్టి ఎగిరి దిగిన వెంటనే వేడి ఇంజిన్ మీద దారం పడకుండా చూసుకోవాలి. కెవ్లార్ దారం వేడికి ఓర్చుకుంటుంది, సాగదు, కానీ ముడి దగ్గర తనను తానే కోసుకుంటుంది, ఎండకు బలం కోల్పోతుంది. చేపల వేటకు వాడే ఒంటిపోగు నైలాన్ దారాన్ని మాత్రం ఏ పరిస్థితిలోనూ వాడకూడదు. తెగే లోపు అది సాగే దూరం అంతా ఇంతా కాదు.

సాగుడు గురించి ఇంత పట్టుదల ఎందుకంటే, చిన్న బెల్‌క్రాంకులో ఇరుసు నుంచి తీగ తగిలించే రంధ్రానికి 20 మిల్లీమీటర్ల దూరం ఉంటే, అది 30 డిగ్రీలు తిరగడానికి తీగ కదలవలసిన దూరం 10 మిల్లీమీటర్లు మాత్రమే. ఎలివేటరును గాలికి ఎదురుగా నిలబెట్టాలంటే ఒక తీగలో బిగువు పెరగాలి, రెండో దానిలో తగ్గాలి. బిగువు పెరిగిన తీగ ఆ మేరకు సాగుతుంది, తగ్గినది కురచ అవుతుంది. ఆ రెండు మార్పులూ మీ చేతి కదలికకు వ్యతిరేకంగానే పనిచేస్తాయి. సాగే దారంతో ఎగిరే విమానం ముందు ఆలస్యంగా స్పందించి, తరువాత అవసరానికి మించి స్పందించినట్టు అనిపించడానికి మూలం ఇక్కడే ఉంది.

ఇంట్లోనే చేసుకోదగిన పరీక్ష ఒకటుంది. పూర్తి పొడవు తీగను ఒక చివర గట్టి మేకుకు తగిలించి, రెండో చివర స్ప్రింగు త్రాసుతో ముందు 250 గ్రాములు చూపేవరకు లాగి నేల మీద గుర్తు పెట్టండి, తరువాత 500 గ్రాములకు లాగి మరో గుర్తు పెట్టండి. 10.7 మీటర్ల 0.20 మిల్లీమీటర్ల ఒంటిపేట ఉక్కు తీగలో ఈ రెండు గుర్తుల మధ్య దూరం సుమారు 4 మిల్లీమీటర్లు ఉంటుంది, పేనిన తీగలో కొంచెం ఎక్కువ. దారం విషయంలో ఆ దూరం 15 మిల్లీమీటర్లు దాటితే సమాంతరంగా మాత్రమే తిరిగే నిదానమైన శిక్షణ విమానానికి తప్ప దేనికీ దాన్ని కేటాయించవద్దు.

లూపులు కొట్టేవారు గమనించవలసిన విషయం ఇంకొకటి. లోపలి లూపు, అంటే ముక్కు పైకెత్తి కొట్టే లూపు, ఒకటి కొట్టిన ప్రతిసారీ రెండు తీగలూ ఒకదానితో ఒకటి ఒక పురి పడతాయి. ముక్కు దించి కొట్టే బయటి లూపు ఆ పురిని విప్పుతుంది. మూడు లూపులకు మూడు పురులున్నా నున్నటి ఉక్కు తీగలు ఒకదానిపై ఒకటి జారుతూ పనిచేస్తాయి. నూగున్న డాక్రాన్ దారాలు పట్టేసుకుంటాయి. తీగలను శుభ్రంగా తుడిచి ఉంచడం వల్ల కలిగే అసలు ప్రయోజనం ఇక్కడే తెలుస్తుంది.

ఏ విమానానికి ఏది

0.16 నుంచి 0.33 సీసీ ఇంజిన్లకూ, 60 నుంచి 90 గ్రాముల విద్యుత్ విమానాలకూ 6 నుంచి 8 మీటర్ల వ్యాసార్థంలో 0.15 మిల్లీమీటర్లకు మించని పాలీఎథిలీన్ అల్లిక దారం సరిపోతుంది. 0.8 సీసీ శిక్షణ విమానానికి 8 నుంచి 10.7 మీటర్లలో 0.20 మిల్లీమీటర్ల పేనిన ఉక్కు తీగ వాడాలి, దొరకకపోతే అదే అల్లిక దారం. అదే ఇంజిన్ మంచి శక్తితో, తేలికైన విన్యాసాల విమానంలో ఉంటే 11 నుంచి 13 మీటర్ల వరకు వెళ్లవచ్చు, అక్కడ మాత్రం ఉక్కు తీగే కావాలి. 1.5 నుంచి 2.5 సీసీ ఇంజిన్లతో 350 నుంచి 600 గ్రాములు తూగే విమానాలకు 13 నుంచి 16 మీటర్ల పొడవు, 0.30 మిల్లీమీటర్ల పేనిన తీగ తగినవి. విద్యుత్ విమానం విషయంలో మోటారు పరిమాణం కన్నా బ్యాటరీతో కలిపిన మొత్తం బరువును చూసి ఈ వరుసలో స్థానం నిర్ణయించుకోవాలి. పోటీలకు వెళ్లదలచినవారు ఆ విభాగపు నియమాల పుస్తకంలో కనీస మందం ఎంతని ఉందో చూడకుండా తీగ కొనకూడదు.

ఇప్పుడు తెగుబలం ప్రశ్నకు వద్దాం. ఎగిరే ముందు తీగలు, బెల్‌క్రాంక్, హ్యాండిల్ అన్నీ తగిలించి మొత్తం అమరికను విమానం బరువుకు పది రెట్ల బలంతో లాగి చూడాలి. ఎఫ్2బి పోటీలలో అనుసరించే ఈ పది రెట్ల ప్రమాణం చిన్న విమానాలకూ మంచి అలవాటు. 170 గ్రాముల విమానానికి అది 1.7 కిలోలు. మంచి ఉక్కుతో చేసిన 0.20 మిల్లీమీటర్ల తీగ ఒక్కటే దానికన్నా ఎంతో ఎక్కువ ఆపుతుంది, కాబట్టి తీగ మధ్యలో తెగదు. విడిపోతే విడిపోయేది ముడి దగ్గరో, కొక్కెం దగ్గరో, బెల్‌క్రాంక్ ఇరుసు దగ్గరో.

చివర్లు కట్టడం

అందుకే చివర్ల మీద ఎంత సమయం వెచ్చించినా అది దండగ కాదు. పేనిన తీగను నేరుగా కొక్కేనికి చుట్టకూడదు. ఐలెట్ అనే చిన్న ఇత్తడి వలయం చుట్టూ రెండుసార్లు తిప్పి, తిరిగి వచ్చిన కొసను అసలు తీగతో పాటు సన్నని రాగి గొట్టం గుండా పంపి, కొసను వెనక్కి మడిచి మళ్లీ ఆ గొట్టంలోకే దూర్చి, అప్పుడు శ్రావణంతో ఒత్తాలి. కొస మూడోసారి కూడా గొట్టంలో ఉండడం వల్ల జారిపోయే అవకాశం పోతుంది. గొట్టాన్ని నలిగిపోయేంతగా ఒత్తితే లోపలి పేటలు తెగుతాయి, కాబట్టి రెండు మూడు చోట్ల ఓ మోస్తరుగా ఒత్తడం మంచిది. ఒంటిపేట తీగకైతే గొట్టానికి బదులు మెత్తని రాగి తీగతో రెండు సెంటీమీటర్ల మేర దగ్గర దగ్గరగా చుట్టి, కొసను వెనక్కి వంచి, ఆ వంపు మీద మళ్లీ కొన్ని చుట్లు వేయాలి. టంకం పెడితే గట్టిపడుతుందనిపిస్తుంది గానీ, కరిగిన టంకం పేటల మధ్యకు పాకి తీగను బిరుసు చేస్తుంది. ఆ బిరుసు ఆగిన చోటే తీగ వంగి వంగి తెగుతుంది. టంకం అంటుకోవడానికి పూసే ఫ్లక్స్ ఆమ్లపుదైతే లోపల తుప్పు కూడా మొదలవుతుంది.

అల్లిక దారానికి దారాన్ని రెండు మడతలు చేసి వేసే ముడి వాడి, బిగించే ముందు తడి చేసి, మెల్లగా లాగి బిగించాలి. ఒకే పొర ముడి ఎంత గట్టిగా కనిపించినా నమ్మకూడదు. కొస 5 మిల్లీమీటర్లు వదిలి కత్తిరించాలి, మరీ మొదటికి కత్తిరిస్తే జారడానికి చోటిచ్చినట్టే.

రెండు తీగల పొడవు సమానంగా ఉండాలి. ఒక మేకుకు రెండు చివర్లనూ కలిపి తగిలించి, మిగతా రెండు చివర్లనూ ఒకే బలంతో లాగి పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. 3 మిల్లీమీటర్ల లోపు తేడాను హ్యాండిల్ దగ్గర సర్దుకోవచ్చు. అంతకు మించితే ఒక చివర విప్పి మళ్లీ కట్టాలి. సర్దుబాటులో ఎలివేటర్ తిన్నగా ఉన్నప్పుడు హ్యాండిల్ కూడా మీ మణికట్టుకు సహజమైన కోణంలో ఉండాలి.

చుట్టడం, విప్పడం, తీసివేయడం

రీలు వ్యాసం కనీసం 10 సెంటీమీటర్లు, ఒంటిపేట తీగకు 15 ఉంటే మంచిది. విప్పేటప్పుడు రీలు తిరుగుతూ తీగ వదలాలి. రీలును కదలకుండా పట్టుకుని పక్క నుంచి చుట్లు లాగితే, తీసిన ఒక్కొక్క చుట్టుకూ తీగలో ఒక్కొక్క మెలి చేరుతుంది. ఆ మెలి సడలిన క్షణంలో ఉచ్చుగా మారి, లాగగానే మెలికగా బిగుస్తుంది. తీగ మీద సన్నని ఉచ్చు ఏర్పడినట్టు కనిపించిందంటే లాగకుండా వేళ్లతో వెనక్కి తిప్పి విప్పాలి. ఒకసారి కోణంగా విరిగిన తీగను తిన్నగా చేసినా అది తిన్నగా కనిపిస్తుందే తప్ప బలం తిరిగి రాదు.

తీగలు పరిచిన తరువాత ఎవరూ వాటిని తొక్కకుండా చూడాలి. పైన కరెంటు తీగలున్న చోట, ఉరుములు వినిపిస్తున్నప్పుడు ఎగరేయకూడదు. పొడవైన ఉక్కు తీగ కరెంటుకు నేరుగా మీ అరచేతి వరకు వేసిన దారి; తడిసిన దారాన్ని కూడా సురక్షితమని నమ్మడానికి వీల్లేదు. కరెంటు తీగలకు, విమానం తీగల పొడవుకు చాలా రెట్ల దూరంలో ఉన్న మైదానాన్నే ఎంచుకోవాలి, ఎందుకంటే హ్యాండిల్ చేజారితే విమానం తీగలను ఈడ్చుకుంటూ వృత్తం బయటికి పోతుంది. అలా జరగకుండా హ్యాండిల్‌నూ మణికట్టునూ కలిపే పట్టీ ప్రతిసారీ కట్టుకోవాలి, విమానం ఎంత చిన్నదైనా సరే.

ఎగిరే ప్రతిరోజూ తీగను బొటనవేలి గోరుకూ చూపుడు వేలికీ మధ్య నుంచి మెత్తగా జారవిడిస్తే తెగిన పేట, తుప్పు చుక్క, చిన్న మెలిక గోటికి తగులుతాయి. ఈ పరీక్షలో పొడి గుడ్డను వేళ్ల మధ్య పట్టుకుంటే తుడవడమూ అయిపోతుంది, తెగిన పేట గుడ్డ పోగును పట్టి లాగి తన చోటును చూపుతుంది. ఒక్క తీగ చెడినా జతను మార్చడమే మంచిది, ఎందుకంటే పాతదీ కొత్తదీ ఒకేలా సాగవు. కొత్త జతను అనుకున్న పొడవుకు ఒక మీటరు ఎక్కువగా కట్టుకుని, మొదటి రోజున చుట్టు సమయం చూసి సూత్రం ప్రకారం బిగువు లెక్కగట్టి, తక్కువైతే అర మీటరు చొప్పున కత్తిరించుకుంటూ రావచ్చు. తీసివేసిన పాత తీగలను అలాగే చుట్టగా పారవేయకుండా జానెడు ముక్కలుగా కత్తిరించి ఒక డబ్బాలో వేయండి, లేకపోతే అవి పశువుల కాళ్లకూ పక్షుల రెక్కలకూ చుట్టుకుంటాయి.